మాది అంటే ఎవరు

సెప్టెంబరులో మొదటి క్లాసుకి నేను రాజ్యాంగం తీసుకెళ్లను.
హాస్టల్ కింద లాండ్రీ గదిలో
గోడకి అంటించిన కాగితం ఊడబెరికి పట్టుకెళ్తాను.
"మరిచిపోయిన బట్టలకు బాధ్యత మాది కాదు."
మరిచిపోవడమంటే ఎన్ని గంటలు?
డ్రయ్యర్లో ఇంకా తిరుగుతున్న చొక్కా మరిచిపోయినట్టేనా?
మాది అంటే ఎవరు?

ఫిజిక్స్ పిల్లలు నవ్వుతారు.
సెల్లో వాయించే ఆస్ట్రిడ్ మాత్రం "కాదు" దగ్గర ఆగి
ఇది సమాచారమా, బెదిరింపా అంటుంది.
వెనక వరసలోంచి ఓరిన్ హాస్క్విట్జ్,
నెలకోసారి నోరు విప్పేవాడు,
ఒంటి మేజోడు బట్ట కాదండీ,
జత పోయిన క్షణం నుంచీ అది సాక్ష్యం, అన్నాడు.
యాభై నిమిషాలు ఏం సరిపోతాయి.

ఈ ఊళ్లో లా కాలేజీ లేదు.
ఉన్నదొక సరస్సు, మూతబడ్డ కాగితం మిల్లు,
నా తలుపు మీద ప్రీ-లా సలహాదారు అన్న ఇత్తడి రేకు.
డులూత్ కోర్టులో పద్నాలుగేళ్లు నిలబడి
మోకాళ్లూ నమ్మకమూ అరగదీసుకున్నానని
ఆ రేకు మీద చోటు లేక రాయలేదు.

అక్టోబరులో వరస కడతారు.
సినిమాలో చూసిన కోటు కోసం ఒకరు,
వాళ్ల నాన్న కోసం ఒకరు,
తత్వశాస్త్రం కూడు పెట్టదని
పిన్ని భయపెడితే పరుగెత్తుకొచ్చిన పిల్ల ఒకతె.
ఎంత అప్పవుతుందో అంకె వేసి
కాగితం వాళ్ల వైపు తిప్పుతాను.
ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు,
గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడు,
మనం ఇద్దరికీ బిల్లు పంపుతాం అంటాను.
సగం మంది మళ్లీ రారు.
దానికి కూడా జీతమిస్తున్నారనే అనుకుంటాను.

ఓరిన్ వచ్చిన రోజు మొదటి మంచు.
కాసేపు నీళ్లు నమిలి
నాలుగు మడతల కాగితం బల్ల మీద పెట్టాడు.
ట్రెయిలర్ పార్కు వాళ్లు వాళ్లమ్మకి పంపిన నోటీసు.
ఏడు రోజుల్లోగా ఖాళీ చేయాలి.
అమ్మది నర్సింగ్ హోంలో రాత్రి డ్యూటీ,
వెనక తలుపు నుంచే వచ్చిపోతుంది,
ముందు తలుపు జాలీలో ఇరుక్కున్నది
ఆరో రోజున కనపడింది.
"ఏడు రోజులంటే
వాళ్లు రాసినప్పటి నుంచా, మేం చూసినప్పటి నుంచా?"

ఏళ్ల తరబడి నేర్పిన ప్రశ్న
తడి బూట్లతో నా ఎదుట కూర్చుంది.
ఇక్కడ నేను నీ లాయర్ని కాను అని చెప్పాల్సి వచ్చింది.
చెప్పాను.
ఆ మాట లాండ్రీ గది గోడ మీది కాగితంలాగే వినపడింది, నా చెవికే.
న్యాయసహాయ కేంద్రం నంబరు రాసిచ్చాను,
అది మోగుతున్నంతసేపూ పక్కన కూర్చున్నాను,
మూడోసారికి ఎవరో ఎత్తారు.
గడువు దొరికింది. ఇల్లు దొరికిందో లేదో
అతను చెప్పలేదు, నేను అడగలేదు.

నవంబరులో అతని దరఖాస్తు వ్యాసం తెచ్చాడు.
చేపల లైసెన్సుల చరిత్ర మీద, శుభ్రంగా, ప్రాణం లేకుండా.
మార్జిన్లో పెన్సిలుతో రాశాను:
అమ్మ నోటీసు సంగతి రాయవేం?
ఏ లా కాలేజీ అయినా కళ్లకద్దుకుంటుంది.
కింద అతని వాలు అక్షరాలు:
"అది అమ్మ కేసు. నాది కాదు."

మూడేళ్లు అప్పు చేసి నేర్చుకోవాల్సింది
ఈ కుర్రాడికి అప్పుడే వచ్చేసింది.
ఆ మాటే సిఫార్సు లేఖలో రాద్దామని కూర్చున్నాను.
ఒక ఉదాహరణతో వివరించండి, అంటుంది ఫారం.
నా దగ్గరున్న ఒకే ఒక్క ఉదాహరణ
నాదీ కాదు.

కిటికీ బయట సరస్సు గడ్డ కడుతోంది.
టీ చల్లారింది.
చివరికి ఒంటి మేజోడు గురించి రాశాను,
రెండు పేజీలు.